దూలం కాక మోచెయ్యి పట్టుకున్న పొద్దు

ఇప్పుడు నన్ను చూసి "మేడం చెయ్యి తేలిక, సూది పెట్టిందే తెలువది" అనేవాళ్లకి ఆ రోజుల్లో నన్ను చూపిస్తే చచ్చినా నమ్మరు. ఆ రోజుల్లో నాకు సూది అంటే భయం, సూది పట్టుకున్న మనిషంటే భయం, ఆ మనిషి నేనేనని గుర్తొస్తే ఇంకా భయం. అట్లాంటిదానివి ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు ఎందుకు చేశావంటే, కరీంనగర్‌లో ఆ సీటు దొరికింది కాబట్టి. (మా ఊరి పిల్లలు చాలామంది ఇట్లాగే ఏదో ఒకటి అయ్యారు. ఎటు సీటు దొరికితే అటు.) పరీక్షల్లో మాత్రం నాకు ఎదురు లేదు. రక్తనాళాల పాఠం నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పేదాన్ని. ధమని గోడ మందం, లోపలి దారి ఇరుకు. గుండె కొట్టే ప్రతి దెబ్బనీ తట్టుకోవాలి కాబట్టి రబ్బరులా సాగి మళ్లీ ముడుచుకుంటుంది. సిర గోడ పలుచన, దారి వెడల్పు. అందులో రక్తం తీరుబడిగా గుండెకి తిరిగి నడుస్తుంది, జారి వెనక్కి పోకుండా మధ్యమధ్యలో కవాటాలు కాపలా ఉంటాయి. కేశనాళిక గోడ ఒకే ఒక్క కణం మందం, ఒంటికీ రక్తానికీ ఇచ్చిపుచ్చుకోవడాలన్నీ అక్కడే. ఇవన్నీ ఎర్ర స్కెచ్చుతో, నీలం స్కెచ్చుతో అందంగా బొమ్మలు గీసి మార్కులు తెచ్చుకున్నాను. మనిషి చర్మం కింద ఎవరూ స్కెచ్చులతో రంగులు వేసి ఉంచరని మాత్రం నాకు ఏ సారూ చెప్పలేదు.

మా అక్కావాళ్లు గోదావరిఖనిలో కంపెనీ క్వార్టర్‌లో ఉండేవాళ్లు. బావ బాయిలో పని చేసేవాడు. (అక్కడ బొగ్గు గనిని బాయి అంటారు. బావ బాయికి పోయిండంటే నీళ్లకి పోయాడని కాదు.) ఆయన కనుబొమ్మ పైన ఒక నీలి మచ్చ ఉండేది. పెళ్లికి ముందు ఏదో జాతరలో పచ్చబొట్టు పొడిపించుకున్నాడేమో అనుకుని నేను ఎన్నడూ అడగలేదు. ఆయన తెలిసినవాళ్లతో చెప్పి, మెయిన్ రోడ్డు దాటాక ఉండే ఒక చిన్న ప్రైవేటు దవాఖానలో నన్ను చేర్పించాడు. మా బాపుకి ఇది బొత్తిగా ఇష్టం లేదు. "అది సూది సూస్తెనే కండ్లు తిరిగి పడే పిల్ల. నెల తిరగకముందే మూట నెత్తిన పెట్టుకొని ఇంటికొస్తది, సూడుండ్రి" అని వాడకట్టంతా చెప్పి పెట్టాడు. ఆ మాట నాకు సూదికన్నా లోతుగా దిగింది. బాపు అన్నట్టే మూటతో ఊళ్లో దిగితే బస్టాండు నుంచి మా ఇంటిదాకా ప్రతి అరుగు మీదా నవ్వే. అందుకని వణుక్కుంటూనైనా అక్కడే ఉండాలని ఒట్టు పెట్టుకున్నాను.

మొదట్లో నాకిచ్చింది మలేరియా పరీక్ష కోసం వేలి కొసన గుచ్చే పని. అది నాకు హాయిగా ఉండేది. కేశనాళికలు వెతకాల్సిన పని లేదు, వేలి కొసన ఎక్కడ పొడిచినా ఉంటాయి, చుక్క పైకొస్తుంది, దూది పెడితే ఆగిపోతుంది. నాలాంటి పిరికిదాని కోసమే దేవుడు కేశనాళికలు చేశాడనుకునేదాన్ని. నరంలోంచి (పుస్తకంలో సిర, దవాఖానలో నరం) రక్తం తీయాల్సి వస్తే మాత్రం మా సీనియర్ సిస్టర్ వెనక దాక్కునేదాన్ని. ఆమెని మేమంతా వేలు సిస్టర్ అనేవాళ్లం. ఎందుకంటే రోజుకి ఎన్నిసార్లో "నరాన్ని కంటితోని సూడకు పిల్లా, వేలితోని సూడు" అనేది. ఒక మధ్యాహ్నం పేషెంట్లు లేనప్పుడు తన చెయ్యే ముందు పెట్టి నేర్పించింది. ముంజేతి మీద ఉబ్బిన నరాన్ని ఒక వేలితో అదిమి, ఇంకో వేలితో రక్తాన్ని పైకి నెట్టింది. నెట్టినంత మేరా నరం చప్పబడిపోయింది. పైవేలు తీసినా రక్తం వెనక్కి రాలేదు, ఒక చిన్న బుడిపె దగ్గర ఆగి నిలబడింది. "గిదే నీ బుక్కులున్న కవాటం. పైకి పోయేతందుకు తలుపు తీస్తది, ఎనుకకు రానియ్యది" అంది. తర్వాత నా వేళ్లు పట్టుకుని మోచేతి మడతలో లోపలివైపు లోతుగా పెట్టింది. కింద ఏదో టక్ టక్ మని తన్నుతోంది. నేను చెయ్యి లాగేసుకున్నాను.

"గది ధమని. దాని జోలికి పోకు. అందుకే దేవుడు దాన్ని లోపట దాశిండు, నరాలను మీద పెట్టిండు. గాచారం బాగలేక దానికి తగిలితే సూది తీసి గట్టిగ ఒత్తిపట్టు. నేను ఇడిసిపెట్టుమని చెప్పేదాక ఇడువకు. సమజైందా?"

"సమజైంది సిస్టర్" అన్నాను. ఆమె చెప్పిన మిగతావన్నీ ఆ రాత్రికే మరిచిపోయాను గానీ ఈ చివరి వాక్యం మాత్రం రాతి మీద చెక్కినట్టు గుర్తుండిపోయింది.

ఒకరోజు పెద్ద సారు (దవాఖాన ఆయనదే, డాక్టరూ ఆయనే) ల్యాబ్‌లోకి తొంగిచూసి, "రేపటి సంది సిస్టర్ ఎనుక దాసుకునుడు బంద్. రేపు నీ చేతితోని నరంల రక్తం తీస్తే ఉండు. లేకుంటే మీ బావకు చెప్త, ఊర్లె దింపిరమ్మని" అన్నాడు. ఆయన కోపంగా కూడా అనలేదు, అదే నాకు ఎక్కువ భయమేసింది. తెల్లారి దవాఖానకి నడుస్తుంటే ఎదురొచ్చే ప్రతి మనిషి చేతులే చూస్తున్నాను. ఈయన నరాలు బాగున్నాయి, ఈమె నరాలు కనబడట్లేదు అనుకుంటూ. ఒక పాలాయన నా చూపు చూసి సైకిలు తొందరగా తొక్కుకుంటూ పోయాడు.

ల్యాబ్ తెరిచి ఇంకా బల్ల కూడా తుడవలేదు, వేలు సిస్టర్‌కి ఇంటి నుంచి కబురొచ్చింది, గ్యాస్ బండి వచ్చిందని. ఆ కాలంలో గ్యాస్ బండి ఇంటి ముందుకొస్తే పెళ్లి ముహూర్తమైనా ఆగాల్సిందే. "జల్ది వస్త పిల్లా, నువ్వు ఫికర్ చెయ్యకు" అని ఆమె పరుగు పెట్టింది. పెద్ద సారు లోపల ఆపరేషన్‌లో ఉన్నాడు, తలుపు మీద ఎర్ర లైటు. సరిగ్గా అప్పుడు గుమ్మం దగ్గర వెలుతురు తగ్గింది. తల వంచి ఒక మనిషి లోపలికి వచ్చాడు. బాయిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని ఆయనది. దుంగ బదులు ఆయన్ని నిలబెట్టినా సరిపోతుందని తోటివాళ్లు దూలం అని పేరు పెట్టారు. ఊరందరికీ దూలం కాక (మా దిక్కు బాబాయిని కాక అంటారు). నాలుగు రోజులుగా చలిజ్వరమట. చీటీలో రక్తపరీక్షలు అన్నీ రాసి ఉన్నాయి, వేలి కొస రక్తం చాలదు.

కాక గది నలుమూలలా చూసి, "పెద్ద సిస్టర్ లేదా బిడ్డా?" అన్నాడు.

"గ్యాస్ బండి వచ్చిందని పోయింది కాకా."

"మరి సూది ఎవలేస్తరు?"

"నేనే" అన్నాను.

"బిడ్డా, నీకొక మాట చెప్త, బయట చెప్పకు" అని ఆయన గొంతు తగ్గించాడు. "నాకు సూదంటే మస్తు భయం. లోపట కప్పు పెళపెళమన్నా నిలబడ్డ గని, సూది సూస్తె కాళ్లల్ల బలముండది. నీ చేతులు మంచిగనే తిరుగుతయి గద?"

నా చేతులు తిరుగుతూనే ఉన్నాయి, ఆపుదామన్నా ఆగకుండా. "మంచిగనే తిరుగుతయి కాకా" అన్నాను. ఆయన గోడ మీది క్యాలెండర్ వైపు మొహం తిప్పుకుని కళ్లు గట్టిగా మూసుకుని చెయ్యి బల్ల మీద పెట్టాడు. ఆ చెయ్యి నా కాలంత లావుంది. జ్వరం వేడి బల్ల దాకా తెలుస్తోంది. రబ్బరు గొట్టం కట్టాను. ఆయన చర్మం దళసరి, ఒక్క నరమూ పైకి రాలేదు. నా కళ్లలో నీళ్లు తిరుగుతుండగా, మోచేతి మడతకి అడ్డంగా కాకుండా నిలువుగా, అచ్చం నా స్కెచ్చు బొమ్మలో ఉన్నట్టే, చక్కటి నీలి గీత ఒకటి కనిపించింది. దేవుడున్నాడు అనుకున్నాను. వేలితో చూడాలన్న మాట గుర్తొచ్చింది గానీ, కంటికి ఇంత స్పష్టంగా కనిపిస్తుంటే వేలెందుకు? కాక ఏదో దేవుడికి మొక్కుకుంటున్నాడు, నేనూ మొక్కుకుంటున్నాను. ఇద్దరం ఒకే దేవుడికి మొక్కుకున్నామో ఏమో, ఆ దేవుడు మాత్రం ఆ పొద్దు డ్యూటీకి రాలేదు.

గుచ్చాను. రక్తం రాలేదు. సిరంజి లాగాను. గాలి కూడా రాలేదు. నీలి గీత మధ్యలోనే ఉంది సూది, ఒక్క చుక్క లేదు. నరంలో రక్తం లేకపోవడమేమిటి? జ్వరానికి రక్తమంతా ఇంకిపోయిందా? ఈ మనిషి ఎట్లా బతికున్నాడు? ఇట్లాంటి ప్రశ్నలే వచ్చాయి నాకు ఆ క్షణంలో, నవ్వకండి. "అయిందా బిడ్డా?" అన్నాడు కాక కళ్లు తెరవకుండా. "అయితాంది కాకా" అని సూదిని ఇంకాస్త లోపలికి, ఇంకాస్త ఒంటివైపుకి పోనిచ్చాను. అప్పుడు వచ్చింది. నేను లాగకుండానే వచ్చింది. సిరంజి వెనక కాడ దానంతట అదే గుండె కొట్టుకున్నట్టు టక్ టక్ మని వెనక్కి జరుగుతోంది, లోపల నిండుతున్నది ఎర్ర స్కెచ్చు రంగు. నాకు పాఠమంతా ఒక్కసారిగా అర్థమైంది. మందం గోడ, గుండె దెబ్బ, లోతున దాచిన నాళం, అన్నీ. మార్కులు వేసే సారు మాత్రం లేడు. రబ్బరు గొట్టాన్ని పళ్లతో లాగి విప్పేశాను, సూది తీసేశాను, సిరంజి కింద పడి బల్ల కిందికి దొర్లిపోయింది. దూది పెట్టి రెండు బొటనవేళ్లతో ఉన్న బలమంతా పెట్టి ఒత్తాను.

"ఏమైంది బిడ్డా?"

"ఏం గాలె కాకా."

"మరి ఎందుకేడుస్తున్నవ్?"

"ఏడుస్తలేను కాకా. నువ్వు కదలకు. కదిలితే సచ్చిపోతవ్" అన్నాను. (ధైర్యం చెప్పడం మాకు కోర్సులో లేదు.) కాక మొహం గోడ సున్నంలా అయింది. నేను వదలలేదు. సిస్టర్ చెప్పేదాకా వదలకూడదు, సిస్టర్ గ్యాస్ బండి దగ్గర ఉంది. గోడ గడియారం ఎన్నడూ అంత మెల్లగా నడవలేదు. కాసేపటికి కాక సన్నగా, "బిడ్డా, నా వేళ్లు తిమ్మిరెక్కుతున్నయి" అన్నాడు. ప్రాణం వేళ్ల నుంచి పోవడం మొదలైందనుకుని ఇంకా గట్టిగా ఒత్తాను. "ఇప్పుడు చెయ్యే తెలుస్తలేదు బిడ్డా." ఇంకా గట్టిగా. ఆయన అరచెయ్యి తెల్లగా, చల్లగా అవుతోంది. నేను ఒక మనిషిని చంపేస్తున్నాను, అదీ కూచోబెట్టి, కాకా కాకా అని పిలుస్తూ. మూటతో ఊళ్లో దిగడం అప్పుడు నాకు ఎంత చిన్న విషయంగా కనిపించిందో! దేవుడా, ఈయన్ని బతికించు, రేపే మూట కట్టుకుని పోతాను, ఊరంతా నవ్వనీ అని మొక్కుకున్నాను. ఆ మొక్కు నిజంగానే మొక్కాను.

ఇంతలో కాక భార్య స్టీలు డబ్బాలో జావ పట్టుకుని వచ్చింది. ఎవరో ఆడపిల్ల తన మొగుడి మోచెయ్యి రెండు చేతులా పట్టుకుని ఉంది, ఇద్దరి కళ్లలోనూ నీళ్లు. గుమ్మంలోనే నిలబడిపోయింది. "గిదేంది?" అంది. కాక, "నన్ను కదలొద్దన్నది, కదిలితే సస్తనట" అన్నాడు. డబ్బా కింద పడింది. ఆమె అక్కడే కూలబడి శోకాలు మొదలుపెట్టింది. దవాఖాన ఎదురుగా చాయ్ హోటల్. రాత్రి షిఫ్టు దిగిన కార్మికులందరూ ఇంటికి పోయేముందు అక్కడే ఆగుతారు. కళ్ల అంచుల్లో కాటుకలా బొగ్గు ఇంకా పోని మొహాలతో వాళ్లంతా లోపలికి వచ్చేశారు. "సూది ఇరిగి లోపట ఉన్నదట." "గుండెకాయ దిక్కు పోతాందట." "డాక్టర్ యాడున్నడు? పిలువుండ్రి!" గది నిండిపోయింది. ఆ గుంపులో మా బావ. "ఎవలీ పిల్ల?" అని ఒకాయన గట్టిగా అడిగితే, బావ "నా మరదలే" అని నాలుక కరుచుకుని, ఒక అడుగు వెనక్కి వేశాడు. (ఆ అడుగు సంగతి మా అక్క ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.)

"ఇడిసిపెట్టు పిల్లా, ఏమైందో సూద్దం" అన్నాడు బావ.

"ఇడువను" అన్నాను. "సిస్టర్ చెప్పేదాక ఇడువను."

"మంది తంతరే!"

"తన్ననియ్యి బావా. ఇడిస్తే ఈయన సస్తడు." నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. కాక ఒక కన్ను తెరిచి నన్ను చూశాడు. ఆ తర్వాత మళ్లీ మూసుకున్నాడు.

అప్పుడు వచ్చింది వేలు సిస్టర్, చెమటలు కక్కుకుంటూ, జనాన్ని మోచేతులతో తోసుకుంటూ. ఒక్క చూపులో సంగతి గ్రహించింది. "ధమనికి తగిలిందా? ఎప్పటి సంది పట్టుకున్నవ్?" నేను, "నువ్వు పోయినంక కొద్దిసేపటి సంది" అన్నాను. ఆమె ముందు నోరు తెరిచింది, తర్వాత నవ్వాపుకుంటూ, "ఓ పిల్లా, దాని గోడ మందముంటదని నువ్వే గద రోజు సదువుతవ్! సన్నటి సూది బెజ్జం, జెరసేపు ఒత్తితే గోడ ముడుసుకుంటది, రక్తం గడ్డకట్టి మూసుకుంటది. నువ్వు గింతసేపు దారే బంద్ పెట్టినవ్, ఇగ చేతికి రక్తమెట్ల పోతది? ఇడిసిపెట్టు" అంది. నేను వదలబోయాను, వేళ్లు రాలేదు. బిగుసుకుపోయాయి. సిస్టర్ ఒక్కొక్క వేలూ విప్పింది. ఏమీ కాలేదు. కాక అరచేతిలోకి మెల్లగా రంగు తిరిగొచ్చింది. సిస్టర్ నా వేళ్లు తీసి ఆయన మణికట్టు మీద పెట్టింది. టక్ టక్ మని కొట్టుకుంటోంది. ఈసారి చెయ్యి లాక్కోలేదు. అక్కడే కూచుని గట్టిగా ఏడ్చేశాను.

"మరి ముందుగాల యాడ గుచ్చినవ్?" అంది సిస్టర్.

"ఈ నరంల సిస్టర్. గింత నీలంగ కనవడుతాంది, ఒక్క సుక్క రాలె" అని నీలి గీత చూపించాను.

ఎవరో వెనక నుంచి "గది బొగ్గు!" అని అరిచారు. ఇక చూడాలి. దెబ్బ తగిలినప్పుడు పుండులో బొగ్గు దుమ్ము చేరి, పైన చర్మం మూసుకుంటే లోపల నీలంగా ఉండిపోతుందట. బాయిలో పనిచేసేవాళ్ల ఒంటి మీద అది లేనివాడు లేడు. నేను గుచ్చింది కాక వయసులో ఉన్నప్పుడు బొగ్గు పెళ్ల పడి అయిన పాత గాయాన్ని. ఒకాయన చొక్కా పైకెత్తి వీపు చూపించాడు: "నాకు గిక్కడ పెద్ద నరమున్నది, తియ్యి." ఇంకొకాయన మోకాలు చూపించాడు. మా బావ చెయ్యి మెల్లగా కనుబొమ్మ మీదికి పోయింది. జాతరా లేదు, పచ్చబొట్టూ లేదు. కాక భార్య కూడా కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. ఇందాక తన్నడానికి వచ్చినవాళ్లే నాకు చాయ్ తెప్పించారు.

నవ్వులు ఆగాక చూస్తే పెద్ద సారు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. రక్తం మాత్రం ఇంకా తీయలేదు. సిస్టర్ కొత్త సిరంజి విప్పుతుంటే నేను లేచి పక్కకి జరిగాను, మూట ఎట్లా కట్టుకోవాలా అనుకుంటూ. కాక రెండో చెయ్యి బల్ల మీద పెట్టి, "పెద్ద సిస్టర్ వద్దు, ఆ పిల్లనే తియ్యనియ్యుండ్రి" అన్నాడు. అందరం ఆయన వైపే చూశాం. "సచ్చినా ఇడువదు గీ పిల్ల. గసొంటోళ్ల చేతిలనే ఉండాలె మనం" అని, మళ్లీ క్యాలెండర్ వైపు తిరిగి కళ్లు మూసుకున్నాడు. భయం పోలేదు ఆయనకి. అయినా చెయ్యి ఇచ్చాడు.

నేనూ కళ్లు మూసుకున్నాను. వేలు పెట్టాను. గట్టిగా తాడులా ఉన్నది కాదు, తన్నేదీ కాదు. వాటి మధ్య మెత్తగా, నొక్కితే లొంగి వదిలితే లేచేది ఒకటి దొరికింది. పైన రంగు లేదు, గీత లేదు. సూది పెట్టాను. ముదురు రంగు రక్తం తొందర లేకుండా, తన పని తాను చేసుకుంటున్నట్టు, సిరంజిలోకి నడిచొచ్చింది. దాని మీద ఒట్టు, అంత అందమైనది నేను అప్పటిదాకా చూడలేదు. నన్ను ఊళ్లో దింపే మాట పెద్ద సారు మళ్లీ ఎత్తలేదు. పరీక్షలో కాకకి తేలింది మలేరియా. వేలి కొసన ఒక చుక్కతో అయిపోయేది. ఆ తర్వాత ఆయన దారిలో కనిపించినప్పుడల్లా చూపుడువేలు ఎత్తి చూపించి నవ్వేవాడు.

ప్రత్యేక రాష్ట్రం వచ్చిన రోజుల్లో కాక చివరిసారి వచ్చాడు. ఉద్యోగం అయిపోయింది, క్వార్టర్ ఖాళీ చేసి ఊరికి పోతున్నారు, పోయేముందు షుగరు పరీక్ష చేయించుకుందామని వచ్చాడు. వేలు సిస్టర్ అప్పటికే పని మానేసి వరంగల్‌లో కొడుకు దగ్గర ఉంటోంది. కాక చెయ్యి సన్నబడింది. నరాలు పైకి తేలాయి, నీలి గీత మాత్రం అట్లాగే ఉంది. ఆయన అలవాటుగా గోడ వైపు తిరిగి కళ్లు మూసుకున్నాడు. రక్తం తీసి, దూది పెట్టి ఒత్తాను.

"అయిందా బిడ్డా?"

"అయి శానసేపైంది కాకా."

"మరింక పట్టుకునే ఉన్నవ్?"

చూసుకుంటే నిజమే, నా బొటనవేలు అక్కడే ఉంది. ఆ పొద్దు రెండు చేతులా ఆయన్ని పట్టుకుని ఏడ్చిన ఆ పిరికి పిల్ల నాకు కళ్లకి కట్టింది, దాన్ని చూసి నవ్వొచ్చింది, ముద్దొచ్చింది కూడా.

"ఇడిసిపెట్టుమని చెప్పే సిస్టర్ లేదు గద కాకా" అన్నాను.

కాక కళ్లు తెరిచి, గోడ వైపు నుంచి తిరిగి నన్ను చూశాడు. "అయితే నేను చెప్తున్న" అన్నాడు. "ఇగ ఇడిసిపెట్టు బిడ్డా."